ఆరో గదిలో దీపం

మట్టల ఆదివారానికి రెండు వారాల ముందు, శుక్రవారం సాయంత్రం ఏడు గంటలకు, ఎసిహా ఊళ్లోని వాలోందో హోటల్ ఆరో నంబరు గదిలో దిగిన ఒబ్దూలియా అనే మహిళ ఆ గదిలోని నిలువు దీపం మీద మంచం దుప్పటి కప్పింది. తలుపు గడియ పెట్టి, మగవాళ్లెవరినీ లోపలికి రానివ్వనని బయటికి వినపడేలా చెప్పింది.

ఆమెకు డెబ్భై ఎనిమిదేళ్లు. గదిలో ఆమెతో ఉన్నది మేనకోడలు ఫ్వెన్సాంతా. యాభై దాటిన మనిషి, పక్క వీధిలో ఇనుప సామాన్ల దుకాణం నడుపుతుంది.

ఆ హోటల్ ఒకప్పుడు వాలోందో మార్కీసులనే జమీందారుల ఇల్లు. మాడ్రిడ్‌లో ఉండే వారసులు ఆరేళ్ల క్రితం దాన్ని ఒక కంపెనీకి అమ్మారు. మరమ్మతులు సాగినంత కాలం వీధి వీధంతా సున్నం దుమ్ము తిన్నది. అందుకని హోటల్ తెరిచాక కంపెనీ వీధిలోని ప్రతి ఇంటికీ ఒక రాత్రి ఉచిత బస ఇచ్చింది. ఆ వీధిలోనే ఉండే ఒబ్దూలియా మొదట రానంది. ఆ ఇంటివాళ్ల ప్రార్థన కోవెల ఉన్న వైపు గది ఇస్తే వస్తానని తర్వాత కబురు పెట్టింది. ఆ కోవెలనే ఆరో గది చేశారని అప్పటికి ఆమెకు తెలియదు.

ఆరు గంటలకు వాళ్లిద్దరూ చిన్న సంచితో లోపలికి వచ్చారు. మేనేజర్ బోర్హా గుమ్మం దగ్గర ఎదురొచ్చాడు. ముప్పై నాలుగేళ్లవాడు, సెవిల్యా మనిషి. పళ్లెంలో తడి తువ్వాళ్లు, దోసకాయ ముక్కలు వేసిన నీళ్లు అందించాడు.

"మీ ఇల్లే అనుకోండి, అమ్మగారూ."

ఒబ్దూలియా గోడలోని రాతి గిన్నె వైపు చూసింది. కోవెలలోకి వెళ్లేవాళ్లు వేళ్లు ముంచి నుదుట సిలువ గీసుకోవడానికి అందులో ఆశీర్వదించిన నీళ్లు ఉండేవి. ఇప్పుడు పిప్పరమెంట్లు ఉన్నాయి.

"ఇది గుమ్మానికి కుడివైపు ఉండేది," అంది.

"ఇటు పెడితే ఫొటోల్లో బాగా పడుతోందండీ."

"తీసుకో అత్తా," అంది ఫ్వెన్సాంతా. "అప్పుడు నుదుట రాసుకునేదానివి, ఇప్పుడు నోట్లో వేసుకో. పుణ్యం తిన్నగా కడుపులోకే పోతుంది."

"నోరు ముయ్యవే."

మేడ మీది నడవాలో పాపసంకీర్తన పెట్టె ఉంది. తలుపు తెరిస్తే లోపల ఐసు తయారుచేసే యంత్రం, మద్యం సీసాలు. పాపాలు చెప్పుకునేవాళ్లు నోరు ఆనించే ఇత్తడి జాలీకి సీసా మూత తీసే కొక్కెం బిగించారు. ఒబ్దూలియా ఆ జాలీ ముందే మొదటిసారి మోకరించింది, ఏడేళ్ల వయసులో. ఆమె ఆగలేదు. చేత్తో ముక్కు మూసుకుని నడిచింది. హోటల్ అంతటా నారింజ పూల వాసన కొట్టే సెంటు చల్లుతారు. బయట వీధిలో నారింజ చెట్లు పూతమీదే ఉన్నాయి. ఆ వాసన వేరు, ఇది వేరు.

ఆరో గదిలో పూజాపీఠం ఉన్నచోట మంచం వేశారు. ప్రార్థనకు మోకరించే మోకాళ్ల పీట మీద ప్రయాణపు పెట్టె పెట్టుకోమని చిన్న తోలు ముక్క పరిచి ఉంది. ఫాదర్ బట్టలు మార్చుకునే గదికి అద్దం గోడ కట్టి స్నానాల తొట్టి పెట్టారు. మంచం మీద పడుకుంటే తొట్టిలో ఉన్నవాళ్లు కనిపిస్తారు.

ఫ్వెన్సాంతా పైకప్పు చూసింది. సున్నంతో చేసిన దేవదూతల తలలు అక్కడే ఉన్నాయి.

"నువ్వు గురక పెడితే ఆ పిల్లలు లేచి కూర్చుంటారు అత్తా. కొత్త దంపతులొచ్చి పడుకుంటే పాపం వాళ్లు కళ్లెక్కడ పెట్టుకుంటారో."

ఒబ్దూలియా కోటు విప్పింది. మూలన మనిషి ఎత్తు దీపం ఒకటి ఉంది. కింద వెడల్పుగా, నడుము దగ్గర సన్నగా, చెక్క బద్దలతో చేసినది. పైన గుడ్డ షేడ్. రెండు పక్కలా చేతుల్లాంటి కొయ్యలు. వాటికి హోటల్ వాళ్ల తెల్ల స్నానపు అంగీలు రెండు వేలాడుతున్నాయి. ఒబ్దూలియా ఒక అంగీ పక్కకు జరిపి తన కోటు దాని మీద తగిలించింది. తగిలించేటప్పుడు ఆమె వేళ్లు అంగీ కిందకు వెళ్లాయి.

ఆమె చెయ్యి వెనక్కి తీసుకోలేదు. ముఖం గోడ వైపు తిప్పుకుని అలాగే తడిమింది. బద్దల నడుము చుట్టూ నార గుడ్డ చుట్టి ఉంది. గుడ్డ అంచు కుట్టు వేళ్లకు తగిలింది. ఆ కుట్టు మామూలు కుట్టుకు ఎదురు దిక్కుగా వాలి ఉంది. కుట్టిన మనిషిది ఎడమచేతి వాటం.

"ఫ్వెన్సా, తలుపు వెయ్యి."

"ఏమైంది?"

"మా అమ్మ కుట్టు ఇది."

ఆమె చెయ్యి ఇంకా కిందకు దిగింది. మూడో బద్ద అడుగున మెత్తగా ఏదో తగిలింది. చెయ్యి బయటికి తీసి చూసుకుంది. ఎవరో నమిలి అంటించిన బబుల్‌గమ్ వేలికి సాగి వచ్చింది. ఒబ్దూలియా చేతులు కడుక్కునే చోటికి వెళ్లి వాంతి చేసుకుంది. ఆ తొట్టి కూడా పాత రాతిదే. అది ఇంతకుముందు ఏమిటో తాను అడగలేదని ఫ్వెన్సాంతా తర్వాత చెప్పింది.

మొహం కడుక్కుని వచ్చాక ఒబ్దూలియా కోటు తీసింది, రెండు అంగీలూ తీసి నేల మీద పడేసింది, దీపం తీగ గోడలోంచి పీకింది, మంచం దుప్పటి లాగి మెడ నుంచి నేల దాకా కప్పింది.

వేకువ మాత అని పిలిచే దేవమాత విగ్రహం ఈ ఇంటి కోవెలలోనే ఉండేది. మట్టల ఆదివారం తర్వాత వచ్చే పవిత్ర బుధవారం తెల్లవారకముందే ఊరేగింపు బయల్దేరుతుంది కనుక ఆ పేరు. శిల్పి చెక్కింది ముఖం, రెండు అరచేతులే. మెడ కింద నుంచి నేల దాకా దేవదారు బద్దల చట్రం, భుజాల దగ్గర మడతబందులతో రెండు కొయ్యలు. దాని మీద లోపలి లంగాలు, గౌను, ముసుగు, జరీ అంగరఖా. ఏడాదికి నాలుగుసార్లు బట్టలు మారుస్తారు. ఆ పని చేసే ఆవిడను కమరేరా అంటారు. ఒబ్దూలియా తల్లి కమరేరా, తల్లి తర్వాత ఒబ్దూలియా. బట్టలు మార్చే వేళ మగవాళ్లు లోపల ఉండరు. ఫాదర్ కూడా ఉండరు. ఇల్లు తనదే అయినా మార్కీసు మెట్ల మీద టోపీ చేతిలో పట్టుకుని కూర్చునేవాడు. ఆడవాళ్లు నాలుగు వైపులా దుప్పట్లు అడ్డం పట్టుకుంటారు. కమరేరా దుప్పట్ల మధ్యకు చేతులు పెట్టి, తల పక్కకు తిప్పుకుని, తడుముతూ కడుతుంది. చట్రాన్ని ఎవరూ చట్రం అనరు. ఒళ్లు అంటారు, మాతను అమ్మ అంటారు.

ఇల్లు అమ్మినప్పుడు వారసులు విగ్రహాన్ని చర్చికి ఇచ్చారు. ఆ వారం ఒబ్దూలియా తుంటి ఎముక విరిగి కోర్దోబాలో ఆసుపత్రిలో ఉంది. తరలించే పని ఆమెకు సాయం చేసే ప్రెసెన్ చూసుకుంది. ఒబ్దూలియా తిరిగొచ్చేసరికి తల, చేతులు, బట్టలు చర్చికి చేరాయి. ఒంటికి పురుగు పట్టిందని, కాల్చేశామని ప్రెసెన్ చెప్పి డబ్బాలో బూడిద చూపించింది. పనికిరాని పూజ సామాను కాల్చడం ఆనవాయితీ. ఒబ్దూలియా ఆ బూడిదను చర్చి పెరట్లోని నారింజ చెట్టు మొదట్లో పోసి, అప్పటి నుంచి పెరట్లోకి వెళ్లినప్పుడల్లా అక్కడ ఒక జపం చెప్పుకుంటోంది.

వడ్రంగి కొత్త ఒళ్లు చేశాడు. పాతదాని మెడ కొలత ఎవరి దగ్గరా లేదు. ఏ వడ్రంగినీ ఎప్పుడూ కొలవనివ్వలేదు కనుక లేదు. కొత్త ఒంటి మీద మాత తల ఎడమకు వాలింది. మళ్లీ మళ్లీ సరిచేశారు. వాలుతూనే ఉంది. ఒబ్దూలియా చేతులు రెండేళ్లుగా వణుకుతున్నాయి. ఈ పవిత్ర వారం తర్వాత పని ఫ్వెన్సాంతాకు అప్పగిస్తోంది. అమ్మను తల వాల్చి అప్పగించాల్సి వస్తోందని ఇంట్లో తిండి దగ్గర కూడా అనేది.

ఏడుంబావుకు బోర్హా వచ్చి తలుపు కొట్టాడు. ఫ్వెన్సాంతా ఫోన్ చేసి పిలిచింది. తలుపు జానెడు తెరిచి ఒబ్దూలియా అడ్డంగా నిలబడింది.

"ఈ దీపం ఎక్కడ దొరికింది మీకు?"

"ఇక్కడేనండీ. గోడ బీరువాలో, గొంగళి చుట్టి ఉందట. మా డెకరేటర్‌కి ఒక్క చూపులో నచ్చింది. పాతకాలం దర్జీవాళ్లు గౌను తొడిగి చూసుకునే బొమ్మ అనుకుంది. ఏం, వెలగడం లేదా? బల్బు మార్పిస్తాను."

"గొంగళి ఏ రంగు?"

"ఆకుపచ్చ గళ్లది అనుకుంటా. ఇప్పుడది కింద వాకిట్లో కుక్క పడుకునేచోట ఉంది."

ఒబ్దూలియా మేనకోడలి వైపు తిరిగింది. "ప్రెసెన్ గొంగళి," అంది. తర్వాత బోర్హాకు ఆ దీపం మాత ఒళ్లని చెప్పింది. నాలుగు మాటల్లో చెప్పింది. అది ఆ రోజే చర్చికి చేరాలని కూడా చెప్పింది.

బోర్హా జేబులోంచి ఫోన్ తీశాడు.

"అమ్మగారూ, ఇది మాకు ఎవరూ చెప్పలేదు. ఇంత కథ ఉందని తెలిస్తే... చూడండి, అతిథులు గది కోసం రారు, కథ కోసం వస్తారు. దీనికి 'మాత గది' అని పేరు పెడదాం. చిన్న కార్డు రాసి దిండు మీద ఉంచుదాం. శనివారాల్లో మీరొచ్చి ఓ పావుగంట చెబితే చాలు. భోజనం మాది."

"ఏం చెప్పమంటావు బాబూ?"

"ఇదే. తడుముతూ కట్టడం, మగవాళ్లను బయటికి పంపడం. కావాలంటే షేడ్ తీసేసి ముఖం కూడా ఒకటి చేయిద్దాం. ప్లాస్టర్‌తో చేసేవాళ్లున్నారు."

ముఖం సంగతి తాను అనలేదని బోర్హా అంటాడు. అన్నాడని ఫ్వెన్సాంతా అంటుంది.

"మీ అమ్మ ఉందా?" అని అడిగింది ఒబ్దూలియా.

"ఉందండీ. సెవిల్యాలో."

"ఆవిణ్ణి తీసుకొచ్చి, లంగాలు విప్పి, మెడలో బల్బు దించి ఈ మూలన నిలబెడతా. వచ్చినవాళ్లు స్నానం చేసి తడి తువ్వాళ్లు ఆవిడ చేతుల మీద ఆరేసుకుంటారు. నువ్వు దిండు మీద కార్డు రాసిపెట్టు."

"అది చెక్క కదండీ."

"మీ అమ్మవి ఎముకలు కావా?"

బోర్హా ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. సామాను కంపెనీ ఆస్తి అని, తన ఇష్టం మీద ఇవ్వలేనని, సోమవారం మాడ్రిడ్‌కు రాస్తానని అన్నాడు. అప్పటిదాకా దీపాన్ని సామాన్ల గదిలో పెట్టిస్తానని, ఇద్దరు కుర్రాళ్లను పంపుతానని అన్నాడు.

"కుర్రాళ్లొస్తే కాళ్లు విరగ్గొడతా," అంది ఫ్వెన్సాంతా. "దుకాణంలో సుత్తులున్నాయి, అన్ని సైజులూ."

తలుపు మూశాక ఆమె ప్రెసెన్ ఇంటికి వెళ్లింది. రెండు సందుల అవతల. ప్రెసెన్ డెబ్భై ఒక్క ఏళ్ల వితంతువు. ఇంట్లో తొడుక్కునే చెప్పులతోనే వచ్చింది. గదిలోకి వచ్చి, మూలన తెల్లగా నిలబడ్డ ఆకారాన్ని చూసి, మోకాళ్ల పీట మీద కూలబడింది. పీట మీది తోలు ముక్క జారి కింద పడింది.

"అక్కా."

"చెప్పు."

"ఏం చెప్పను? నీకు తెలిసిపోయిందిగా."

"నీ నోటితో చెప్పు. కాల్చానన్నావు."

ప్రెసెన్ చెప్పింది. ఆ రోజు చర్చి నుంచి నలుగురు మగవాళ్లు బండి తీసుకుని వచ్చారు. వాళ్లు రాకముందే ఆడవాళ్లు తల, చేతులు తీసి దూది పరిచిన బుట్టలో పెట్టారు. బట్టలు దుప్పట్లలో మూటకట్టారు. బట్టలు లేని ఒంటిని మగవాళ్ల చేతికి ఇవ్వకూడదు కనుక గొంగళి చుట్టి గోడ బీరువాలో దాచారు. చీకటి పడ్డాక తామే మోసుకెళదామనుకున్నారు.

"చర్చి దగ్గర ఫాదర్ అడిగారు, 'అమ్మ పూర్తిగా వచ్చేసిందా ప్రెసెన్?' అని. చుట్టూ మగాళ్లు. ఏం చెప్పమంటావు అక్కా? 'మెడ నుంచి కింద ఇంకా రాలేదు ఫాదర్' అని చెప్పనా? వచ్చేసిందన్నా. ఆయన అక్కడే అమ్మ చేరినట్టు కాగితం మీద సంతకం పెట్టేశారు. సాయంత్రం మేం వచ్చేసరికి ఇంటికి తాళం మార్చారు."

"మర్నాడు చెప్పొచ్చుగా."

"మర్నాడు చెబితే మొదటిరోజు అబద్ధమాడినట్టేగా. అదీ ఫాదర్‌తో."

"మరి ఆ బూడిద?"

ప్రెసెన్ చొక్కా అంచు వేలికి చుట్టుకుంది.

"ఆ బూడిద ఎక్కడిదే?"

"చలికి మా బల్ల కింద పెట్టుకునే కుంపటిది. ఆలివ్ గింజల బొగ్గు."

ఫ్వెన్సాంతా కిటికీ వైపు తిరిగి నిలబడింది. నవ్వు ఆపుకోలేక తిరిగానని తర్వాత చెప్పింది. ఒబ్దూలియా నవ్వలేదు.

"ఆరేళ్లు నీ కుంపటి బూడిదకు జపం చేశానన్నమాట."

"అది కూడా వృథా పోదులే అక్కా," అంది ప్రెసెన్. "నిరుడు ఆ చెట్టు బాగా కాసింది."

"పో ఇక్కణ్ణించి."

ప్రెసెన్ వెళ్లలేదు. ఒబ్దూలియా మళ్లీ పొమ్మనలేదు. ముగ్గురూ ఆ రాత్రి కుర్చీల్లో కూర్చున్నారు. మంచం మీద ఎవరూ పడుకోలేదు. హోటల్ వాళ్లు పడక వేళకు తలుపు బయట పెట్టిన చాక్లెట్లు పొద్దున అక్కడే ఉన్నాయి.

శనివారం పొద్దున తొమ్మిదింటికి ఫ్వెన్సాంతా దుకాణం నుంచి స్క్రూడ్రైవర్, పట్టుకారు తెచ్చుకుంది. ఆమె వెనక మాత ఊరేగింపు నడిపే సోదర సంఘం ఆడవాళ్లు ఆరుగురు వచ్చారు. చేతుల్లో ఇస్త్రీ చేసిన దుప్పట్లు. కింద నడిమి వాకిట్లో అతిథులు ఫలహారం చేస్తున్నారు. పలక రాయి మీద రెండు వేళ్ల రొట్టె ముక్క, పక్కన మందు చుక్కలు వేసే గాజు గొట్టంలో ఆలివ్ నూనె. ఆ ఆరుగురిలో ఒకావిడ ఆ గొట్టం చూసి, "చెవిలో వేసుకునేదా?" అని అడిగి మెట్లెక్కింది.

బోర్హా పోలీసులకు ఫోన్ చేశాడు. మునిసిపల్ పోలీసులు ఇద్దరు పది నిమిషాల్లో వచ్చారు. పెద్దవాడి పేరు ఎవారిస్తో. పవిత్ర బుధవారం వేకువ మాత పల్లకి మోసేవాళ్లలో అతనొకడు.

"దొంగతనం జరుగుతోంది," అన్నాడు బోర్హా. "ఆరో గదిలో. కంపెనీ దీపం ఎత్తుకుపోతున్నారు."

ఎవారిస్తో మేడ మెట్లు సగం ఎక్కాడు. నడవాలో ఆడవాళ్లు దుప్పట్లు అడ్డంగా పట్టుకుని నిలబడి ఉన్నారు.

"ఏం జరుగుతోంది ఒబ్దూలియా గారూ లోపల?" అని దుప్పటికి ఇవతల నుంచి అడిగాడు.

"అమ్మకు బట్టలు మారుస్తున్నాం," అంది ఒబ్దూలియా అవతల నుంచి.

ఎవారిస్తో మెట్లు దిగాడు. టోపీ తీశాడు. వాకిట్లో మేడకు వీపు పెట్టి నిలబడ్డాడు. రెండోవాడు కూడా అలాగే నిలబడ్డాడు. బల్లల దగ్గర కూర్చున్న ఊరి మగవాళ్లు, ఇద్దరో ముగ్గురో, కుర్చీలు వీధి వైపు తిప్పుకున్నారు. ఏం జరుగుతోందో తెలియని ఒక జర్మన్ అతిథి కూడా లేచి గోడ వైపు తిరిగాడు.

"ఏం చేస్తున్నారు మీరు?" అన్నాడు బోర్హా.

"ఆగుతున్నాం," అన్నాడు ఎవారిస్తో.

"ఎంతసేపు?"

"ఆడవాళ్లు అయిందనేదాకా. నువ్వూ తిరుగు."

బోర్హా తిరగలేదు. కానీ మెట్లెక్కలేదు.

గదిలో ఫ్వెన్సాంతా దుప్పటి కింద చేతులు పెట్టి మరలు విప్పింది. షేడ్ వచ్చింది, బల్బు వచ్చింది. చూడకుండా చేస్తే తీగ తెగుతుందని చెప్పినా ఒబ్దూలియా దుప్పటి ఎత్తనివ్వలేదు. తీగ తెగలేదు. ఆడవాళ్లు ఒంటికి తెల్ల దుప్పటి గౌనులా చుట్టి, మీద నల్ల శాలువా వేసి, గుండుసూదులు పెట్టారు. నలుగురు మోశారు. మిగిలినవాళ్లు చుట్టూ నడిచారు. వాకిట్లోంచి వెళ్లి వాళ్లు వీధి మలుపు తిరిగాక ఎవారిస్తో టోపీ పెట్టుకుని బోర్హాతో, "దీపం ఎక్కడికీ పోలేదు. షేడూ బల్బూ పైనే ఉన్నాయి చూసుకో," అన్నాడు.

చర్చి వెనక గదిలో తలుపులు మూసి, పరదాలు దించి, ఆడవాళ్లు మాత తల దించి బుట్టలో ఉంచారు. తల నిలిచే మెడ ముక్క కోసం ఒబ్దూలియా పాత ఒంటి పైభాగం తడిమింది. ముక్క లేదు. దాన్ని రంపంతో కోసేశారు. ఆ చోట మధ్యలోంచి రంధ్రం తొలిచి ఇనుప గొట్టం దించారు. గొట్టం నడుము దాకా వెళ్లింది. నడుము దగ్గర తీగ బయటికి రావడానికి నార గుడ్డకు కంత చేశారు. తల్లి కుట్టు అక్కడ తెగింది.

"మెడ ముక్క ఏది?" అని అడిగింది.

ఫ్వెన్సాంతా హోటల్‌కు ఫోన్ చేసింది. బోర్హా డెకరేటర్‌ను అడిగి చెప్పాడు. కోసిన ముక్కలన్నీ మరమ్మతుల చెత్తతో పాటు పోయాయి.

"వడ్రంగికి ఇద్దాం అత్తా. గొట్టం తీసేసి కొత్త మెడ అతికిస్తాడు. కొలత కుదిరే దాకా చేయిద్దాం. ఒళ్లయినా అమ్మదేగా."

ఒబ్దూలియా దుప్పటిలో తల పెట్టింది. ఆ పని ఆమె అంతకుముందు ఎప్పుడూ చేయలేదని ప్రెసెన్ చెప్పింది. కాసేపు వాసన చూసింది. సెంటు, సబ్బు, సిగరెట్టు. తల బయటికి తీసినప్పుడు పెదాలు బిగించుకుని ఉంది.

"దాని ముందు ఎంతమంది బట్టలు విప్పారో," అంది.

"కడుగుదాం."

"చెమట తువ్వాళ్లు, తడి లాగులు. నేను కూడా కోటు తగిలించాను. నా చేత్తో."

"నీకు తెలియదుగా."

"వాళ్లకీ తెలియదు. కడిగితే పోయేది చేతికి అంటుకున్నదే." ఆమె మళ్లీ ముక్కు మూసుకుంది. "నలభై ఏళ్లు ఒక్క తుప్పు సూది ఉండనివ్వలేదు దీని మీద. ఇప్పుడు దీని మీద అమ్మను నిలబెట్టి, పైన జరీ కప్పి, కింద ఏముందో నాకు తెలిసీ పల్లకి ముందు నడవాలా? నా వల్ల కాదు."

"తల వాలుతుంది అత్తా. కొత్తదాని మీద వాలుతూనే ఉంటుంది. నాకు అలాగే అప్పగిస్తావా?"

ఒబ్దూలియా బుట్టలోని మాత తల వైపు చూసింది.

"వాలనీ," అంది.

నార గుడ్డను కుట్టు తెగినచోట నుంచి విప్పింది. దాన్ని కూడా ఉంచుకోలేదు. చర్చి పెరట్లో, మగవాళ్లను బయటికి పంపి, పన్నెండింటికి నిప్పు పెట్టారు. ఆరేళ్ల క్రితం కాల్చానన్నదాన్ని ప్రెసెన్ చేత్తోనే కాల్చాలని ఒబ్దూలియా చెప్పింది. ప్రెసెన్ అగ్గిపుల్ల గీసింది. దేవదారు పాతది, త్వరగా కాలింది. గొట్టం మిగిలింది. బబుల్‌గమ్ అంటుకున్న బద్ద చివరిదాకా పొగలు పోయింది. ఆడవాళ్లు ఆ పొగకు దూరంగా జరిగారు. ఒబ్దూలియా జరగలేదు.

బూడిద చల్లారాక నారింజ చెట్టు మొదట్లో పోశారు. ఈసారి జపం చెబుతావా అని ఫ్వెన్సాంతా అడిగింది. మొన్నటిదాకా చెప్పినవి దీనికి జమ అవుతాయని ఒబ్దూలియా అంది.

సాయంత్రం ఫ్వెన్సాంతా ఇనుప గొట్టాన్ని పాత పత్రికలో చుట్టి హోటల్ కౌంటర్ మీద పెట్టి వచ్చింది. బోర్హా తీసుకున్నాడు. కంపెనీ ఇప్పటిదాకా ఫిర్యాదు ఇవ్వలేదు. ఎవారిస్తో ఏమీ రాసుకోలేదు. ఆరో గదిలో ఇప్పుడు వెదురు దీపం ఉంది. హోటల్ వాళ్ల ప్రకటనల్లో పాత దీపం ఫొటో ఇంకా ఉంది. దాని చేతి మీద ఒక తువ్వాలు ఉంది.

పవిత్ర బుధవారం తెల్లవారుజామున చర్చి తలుపులు తెరిచారు. వేకువ మాత నల్ల ముసుగుతో బయటికి వచ్చింది. బట్టలు కట్టింది ఒబ్దూలియా, ఫ్వెన్సాంతా కలిసి. పల్లకి వాలోందో హోటల్ ముందు నుంచి వెళ్లింది. తల ఎడమకు వాలి ఉంది.